తెల్లరంగు ఎవరిది, తాతా?

చిన్నూకి, అక్కకి, మీ వాడకట్టు పిల్లలందరికీ తాత దీవెనలు.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్‌లో ఒకటి అడిగితే "సిగ్నల్ లేదురా" అని పెట్టేశాను కదా. సిగ్నల్ బాగానే ఉంది. జవాబే అందలేదు. ఆగస్టు 15 వస్తోందని బళ్లో జెండా బొమ్మకి రంగులు వేస్తున్నారు. పక్కనున్న పిల్లాడు "కాషాయం మనది, ఆకుపచ్చ వాళ్లది" అన్నాడు. "మరి తెల్లరంగు ఎవరిది, తాతా?" అని నువ్వడిగావు. నాలుగు రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను. అర్థంకాని చోట అమ్మని అడుగు.

ముందు ఆ పిల్లాడి మీద కోపం పెట్టుకోకు. వాడిది ఉత్త కల్పన కాదు, వందేళ్ల పాత మాట. 1921లో బెజవాడలో కాంగ్రెస్ పెద్దలు కూడినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీగారికి ఒక జెండా చూపించారు. ఆయన మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. పత్తి మీద పరిశోధనలు చేసినందుకు "పత్తి వెంకయ్య" అని కూడా పిలిచేవాళ్లు. ఆ జెండాలో ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లింలకి. మరి మిగతావాళ్లో? అందుకని గాంధీగారు తెలుపు చేర్చారు, రాట్నం కూడా పెట్టించారు. అప్పటి జెండాలో తెలుపు అన్నిటికన్నా పైన, ఎరుపు అట్టడుగున ఉండేవి. తక్కువమంది ఉన్నవాళ్లకి పైన చోటు, ఎక్కువమంది ఉన్నవాళ్లు కింద ఉండి మోయాలి. ఆ వరస నాకు భలే నచ్చుతుంది.

కానీ రంగులు పంచుతూ పోతే ఎక్కడ తెగుతుంది? మా రంగేదని సిక్కులు అడిగారు. అడగరా మరి? 1931లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు కన్వీనరుగా ఏడుగురితో కమిటీ వేశారు. కమిటీ ఏమో జెండా అంతా ఒక్క కేసరి రంగే ఉంచుదామంది. దానికి కాంగ్రెస్ ఒప్పుకోలేదు. మూడు రంగులూ ఉంచి, ఎరుపు తీసి కేసరి, అంటే కాషాయం, పెట్టి, ఈ రంగులకి మతాలతో సంబంధం లేదని తేల్చేశారు. మీ క్లాసులో మొదలైన గొడవ అప్పుడే తీరిపోయిందన్నమాట! తర్వాత 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఇప్పటి జెండాని ఆమోదించింది. ఆకుపచ్చ అంటే మట్టితో, మొక్కలతో మనకున్న చుట్టరికం అని ఆరోజు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు చెప్పారు. కాషాయం త్యాగానికి, తెలుపు సత్యం వైపు నడిపించే వెలుగుకి.

ఇంత చెప్పినా నువ్వు ఊరుకోవు, నాకు తెలుసు. "అయితే ఎవరిదీ కాదా?" అంటావు. దానికి నేను మన చెరువు కట్ట దాకా నడవాలి.

నా చిన్నప్పుడు చెరువుకి నీరటి ఉండేవాడు. చెరువు నీళ్లు పొలాలకి వదిలే తూము ఎత్తేదీ దించేదీ అతనే. ఏ మడికి ఎప్పుడు నీళ్లు, ఎంతసేపు అన్నది అతని చేతిలోనే ఉండేది. పంట కల్లానికి వచ్చాక ప్రతి రైతూ అతనికి ధాన్యం కొలిచేవాడు, దాన్ని మేర అనేవాళ్లు. అందరి మేరా తింటాడు కాబట్టి అందరి మడీ తడపాలి. పొద్దున్నే కట్ట మైసమ్మకి మొక్కి తూము దగ్గరికి వచ్చేవాడు. భక్తి లేనివాడు కాడు, నాస్తికుడూ కాడు. అయితే తూము మీద చెయ్యి పెట్టాక వంతు ఒక్కటే చూసేవాడు. సాయిబు మడి వంతు వస్తే సాయిబుకి, పూజారి మడి వంతు వస్తే పూజారికి. నీ సోషల్ పుస్తకంలో "లౌకిక రాజ్యం" అని ఉందే, అది నా లెక్కలో నీరటి ఉద్యోగం. దేవుణ్ని వదిలెయ్యమని కాదు, తూము దగ్గర ఆయన పేరు చెప్పి వంతు తప్పించొద్దని.

ఆ నీరటే పీర్ల పండుగ, అదే మొహర్రం, వస్తే నిప్పుల గుండం చుట్టూ అందరికన్నా ముందు ఆడేవాడు. మా నాయనమ్మ పీరుకి దట్టీ గుడ్డ కట్టించి, ఊదు వేసి, నా తల మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగేది. నా ధ్యాసంతా పంచిపెట్టే తీపి మలీదా మీదే. పీర్ల పండుగ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకి జరిగేది. సంక్రాంతిలా ఒకచోట ఎందుకు నిలబడదని మా నాయన్ని అడిగితే, అది చంద్రుణ్ని పట్టుకుని నడిచే పండుగరా అన్నాడు. ఆ మాట విన్నాక చాలా రాత్రులు ఆరుబయట మంచం మీద చంద్రుణ్ని కాపలా కాశాను.

ఏం చెబుతున్నాను? ఆ, తూము. ఒక ఏడు వానలు తక్కువ. చెరువు కింద సగం పొలం ఉన్న ఇంటివాళ్లు "ఎక్కువ భూమి మాది, చెరువూ మాదే" అని తమ మనిషిని తూము దగ్గర కూర్చోబెట్టారు. చివరి మడులు నెర్రెలు బారాయి. ఒక రాత్రి ఎవరో కట్టకి గండి కొట్టారు. పొద్దున చూస్తే చెరువు ఖాళీ. మేం పిల్లలం బురదలో చేపలు ఏరుకుంటూ కేరింతలు, కట్ట మీద పెద్దవాళ్లు తలలు పట్టుకుని కూర్చున్నారు. సగం పొలం ఉన్నవాళ్లకీ గింజ దక్కలేదు. నాకు మాత్రం ఆ రోజు తిన్న పులుసే గుర్తు. సిగ్గుగానే ఉంటుంది చెప్పాలంటే.

అందరిదీ ఒకే మతమైతే గండి పడదు అనేవాళ్లు ఉంటారు. పాకిస్తాన్ 1947లో ఆ నమ్మకంతోనే పుట్టింది. తూర్పు పాకిస్తాన్‌లో ఉన్న బెంగాలీల్లో ఎక్కువమందిదీ అదే మతం. కానీ వాళ్ల భాషని చిన్నచూపు చూశారు, 1970 ఎన్నికల్లో వాళ్ల పార్టీ గెలిచినా గద్దె ఇవ్వలేదు. 1971లో బంగ్లాదేశ్ విడిపోయింది. ఒకే దేవుడు, అయినా చివరి మడికి నీళ్లు రాలేదు.

ఈ పోలికని మరీ లాగుతున్నానని మీ అమ్మ అంటుంది. నిజమే, ఇక్కడ కాస్త కారుతోంది కూడా. మా నీరటి ఏనాడూ మైసమ్మ హుండీ లెక్కపెట్టలేదు. మన ప్రభుత్వమేమో గుళ్ల ఆదాయం చూస్తుంది, ముస్లింలు ధర్మానికి రాసిచ్చిన వక్ఫ్ భూముల లెక్కలూ చూస్తుంది. ఎంతవరకు చూడాలన్నది పెద్దవాళ్ల మధ్య తెగని పేచీ. మీరు పెద్దయ్యాక మీరూ తగువులాడండి, తప్పేం లేదు.

ఇంకోటి దాచకూడదు. అందరి మడులూ తడిపిన ఆ నీరటిది దళితవాడ. మా మంచినీళ్ల బావి దగ్గరికి అతన్ని రానిచ్చేవాళ్లు కాదు. దప్పికైతే దూరంగా నిలబడి దోసిలి పట్టేవాడు, మా ఇంట్లోవాళ్లు పైనుంచి పోసేవాళ్లు. నేనూ పోశాను. తప్పని అప్పుడు తోచలేదు. పీర్ల గుండం దగ్గర మేం ఎంత కలిసి ఆడినా, ఆ బావి గుర్తొస్తే మా కాలం బంగారం అనడానికి నాకు నోరు రాదు.

పెద్దయ్యాక ఒకరోజు రాజ్యాంగం పుస్తకం తిరగేశాను. "లౌకిక" అన్న మాట పీఠికలోకి 1976లో వచ్చిందిగానీ, అసలు సరుకు 1950 జనవరి 26 నుంచీ లోపల ఉంది. నచ్చిన మతాన్ని పాటించే హక్కు, ఏ ఒక్క మతాన్ని పెంచడానికీ నీ చేత పన్ను కట్టించకూడదన్న నియమం, అన్నీ. అలా చదువుతూ 15వ అధికరణం దగ్గర ఆగిపోయాను. మతం, కులం, ఆడా మగా, పుట్టిన చోటు, వీటిని సాకుగా చూపి ఎవరినీ ఫలానా చోట్లకి రానివ్వమనకూడదని రాశారు. ఆ చోట్ల జాబితాలో ఏమున్నాయో తెలుసా? బావులు. చెరువులు! అంత పెద్ద దేశానికి రాసుకున్న పుస్తకంలో మన చెరువు, మన బావి. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాను.

నువ్వూ వెతుకు. మీ బడి లైబ్రరీలో తెలుగు రాజ్యాంగం ఉంటే ఆ పేజీ తీసి, ఆ పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ చదవండి. జెండా వందనం రోజున తెల్లరంగు మీదున్న చక్రం ఆకులు, అంటే చువ్వలు, లెక్కపెట్టు. ఎగురుతున్నప్పుడు కుదరదు, గాలి ఆగేదాకా ఓపిక పట్టాలి. ఎన్నున్నాయో నేను చెప్పను.

దసరా సెలవులకి వస్తావుగా, కట్ట మీదికి తీసుకెళ్తాను. పాత తూము రాయి ఇంకా ఉంది. ఆ బావి కూడా ఉంది, వాడటం లేదు, రావిచెట్టు మొలిచింది. పాత చెప్పులు తెచ్చుకో, కట్ట మీద తుమ్మ ముళ్లు ఎక్కువ.

మీ తాత