స్లైడు ఫిల్ము కడగడానికి మే నెలే మేలు

అనంతపురంలో మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేతికి చురుక్కుమంటాయి. ఆ నీళ్లు చూసినవారెవరైనా స్లైడు ఫిల్మును, అంటే ప్రింటుతో పని లేకుండా తానే రంగుల బొమ్మగా తేలే ఫిల్మును, ఇంట్లో మందులతో కడుక్కోవడం కంటే ల్యాబుకు పంపడమే మంచిదనుకుంటారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను.

స్లైడు ఫిల్మును కడగడానికి కోడాక్ 1970ల్లో తెచ్చిన, నేటికీ వాడుకలో ఉన్న ఈ-6 పద్ధతికి మొదటి డెవలపరే, అంటే బొమ్మను తేల్చే తొలి మందే, ప్రాణం. నిజానికి అది నలుపు-తెలుపు డెవలపరు. ఫిల్ములో వెలుతురు తగిలిన వెండి లవణాలను అది వెండిగా మారుస్తుంది. ఆ తరువాత వచ్చే రంగుల డెవలపరు మిగిలిన లవణాల మీద పనిచేసి, ఎక్కడ ఎంత మిగిలిందో అక్కడ అంత రంగు పుట్టిస్తుంది. చివరకు బ్లీచు, ఫిక్సరు కలిసి వెండినంతా తీసేస్తాయి. కాబట్టి మొదటి డెవలపరు వేడెక్కితే లవణం ఎక్కువగా ఖర్చయిపోయి, రంగుకు తక్కువ మిగిలి, బొమ్మ వెలవెలబోతుంది. నెగటివులోని ఇలాంటి పొరపాటును ప్రింటు వేసేటప్పుడు చాలావరకు సర్దవచ్చు గాని, స్లైడులో ఫిల్మే తుది బొమ్మ. అందుకే 38 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ 0.3 డిగ్రీకి మించి తేడా రానివ్వకూడదు. నా మొదటి రోలును 40 డిగ్రీల్లో కడిగినప్పుడు గండికోట ఎర్రరాళ్లు సున్నం కొట్టినట్టు తేలాయి.

చల్లని దేశాలవారు రాసిన సూచనలన్నీ నీళ్లను ఎలా కాచాలో చెబుతాయి. మనకు చల్లార్చడమే పని. మందుల సీసాలను పెద్ద టబ్బులో నిలబెట్టి, నీళ్లలో ఐసు ముక్కలు వేస్తూ 38కి దించితే, ఆ పైన ఎండే మనకు సాయపడుతుంది. నీళ్ల వేడి ఎంత త్వరగా మారుతుందన్నది నీళ్లకూ గదికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది గనుక, గది కూడా 37, 38 దగ్గరే ఉన్న రోజున, మొదటి డెవలపరుకు పట్టే ఆరేడు నిమిషాల్లో థర్మామీటరు దాదాపు కదలదు. డిసెంబరు రాత్రి అదే టబ్బుకు వేడినీళ్లు కలుపుతూ కాపలా కాయవలసి వచ్చింది.

అయితే కలిపిన మందులు ఎండకు త్వరగా పాడవుతాయి. అరడజను రోళ్లు పోగయ్యేదాకా ఫిల్మును ఫ్రిజ్‌లో దాచి, అన్నీ ఒకటి రెండు రోజుల్లోనే కడిగేయడం ఉత్తమం. మా బోరు నీళ్లతో కడిగితే ఫిల్ము మీద తెల్లటి మరకలు నిలుస్తాయి. చివరి జాలింపుకు ఇన్వర్టరు బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరు వాడుతున్నాను.

ఏడాదికి ఒకటి రెండు రోళ్లు తీసేవారు మాత్రం ల్యాబుకే పంపాలి. మళ్లీ తీయలేని పెళ్లి ఫోటోల విషయంలోనూ నా మాట అదే. రోజూ స్లైడులు కడిగే ల్యాబు, పరీక్షా పట్టీలతో తన మందుల బలాన్ని ఎప్పటికప్పుడు సరిచూసుకుంటుంది. వారానికి ఒక్క రోలు వచ్చే చోట ఆ నమ్మకం ఉండదు గనుక, పార్సిలు కట్టే ముందే స్లైడులు ఎన్నాళ్లకొకసారి కడుగుతారో అడగాలి. డబ్బా మీద ఈ-6 అని పెద్దక్షరాలతో రాయాలి కూడా. నెగటివు మందుల్లో పడితే రంగులు తలకిందులై వస్తాయి.

ఇంట్లో కడిగిన ఫిల్ము తడిగా ఉన్నప్పుడు పాలు పూసినట్టు మసకగా కనబడుతుంది. పాడైందని కంగారుపడి మళ్లీ మందులో ముంచకుండా, దుమ్ము లేని గదిలో ఆరవేసి, పూర్తిగా ఆరాకే వెలుతురుకు పట్టి చూడాలి.