పెద్దల పేరు నిలిపే హీబ్రూ పేరు: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో హీబ్రూ పాఠాలు చెప్పే నాకు వ్యాకరణం మీద కంటే పేర్ల మీదే ఎక్కువ ఫోన్లు వస్తాయి. విదేశాల్లో యూదుల ఇంటి అబ్బాయినో అమ్మాయినో పెళ్లి చేసుకున్న మన పిల్లలు కొందరు, తాతగారి జ్ఞాపకంగా బైబిల్ పేరు వెతుక్కునే క్రైస్తవ కుటుంబాలు ఇంకొందరు. ఇంటర్నెట్‌లో పేర్ల జాబితాలు చూసి, ఎక్కడో ఏదో విని, ఉన్న టెన్షన్ చాలదన్నట్టు లేనిపోని భయాలు తెచ్చుకుంటారు. తరచుగా వినేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: బతికున్న పెద్దల పేరు పెట్టడం యూదు మతంలో నిషేధం.

వాస్తవం: అలాంటి నిషేధం తోరాలోనూ (మోషే ఐదు గ్రంథాలు) లేదు, తల్మూదులోనూ (రబ్బీల ధర్మశాస్త్ర చర్చల సంపుటి) లేదు. అది ఆచారం, అదీ అందరిదీ కాదు. జర్మనీ, తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదులు పోయినవాళ్ల పేర్లే పెడతారు. తాత బతికుండగా ఆయన పేరు పెడితే చావు కోరినట్టే అనుకునే ఇళ్లు వాళ్లలో ఉన్నాయి. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీలు, ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా యూదుల్లో చాలామంది దీనికి పూర్తి విరుద్ధం. మొదటి మనవడికి నాన్న తండ్రి పేరు, తర్వాతివాడికి అమ్మ తండ్రి పేరు పెట్టడం అక్కడ ఎన్నో ఇళ్లలో మామూలు. పెద్దాయన కళ్లెదుటే తన పేరు విని మురిసిపోతాడు, పెట్టకపోతే అలుగుతాడు.

అత్తవారు ఒక ఆచారం, పుట్టింటివారు ఇంకో ఆచారం అయినప్పుడు గొడవ ఇక్కడే మొదలవుతుంది. బిడ్డ పుట్టకముందే రెండు వైపులా అడిగి తెలుసుకోండి. పుట్టాక అడిగితే అప్పటికే ఎవరో ఒకరు నొచ్చుకుని ఉంటారు. మామగారి పేరు పిల్లాడికి పెట్టి, ఆ పేరు నోటితో పలకలేక "నాన్నా", "చిన్నా" అని పిలిచే కోడళ్లను చూసిన మనకు ఈ సున్నితం అర్థం కానిది కాదు.

ఈ ఆచారం సృష్టి మొదటి నుంచీ ఉందన్న మాట కూడా నిజం కాదు. దావీదు సింహాసనం మీద కూర్చున్న యూదా రాజుల్లో ఇంకో దావీదు లేడు. లూకా సువార్త మొదటి అధ్యాయానికి వచ్చేసరికి మాత్రం, బాప్తిస్మమిచ్చు యోహాను పుట్టిన ఎనిమిదో రోజున చుట్టాలు బిడ్డకు తండ్రి పేరైన జెకర్యా అని పెట్టబోతారు. తల్లి యోహాను అంటే, మీ బంధువుల్లో ఆ పేరుగలవాడు ఎవడూ లేడే అని అడ్డుపడతారు. అంటే మొదటి శతాబ్దానికి ఇంట్లో పెద్దల పేర్లే మళ్లీ పెట్టడం అలవాటైపోయిందన్నమాట. అదే కాలపు రబ్బీల (యూదు మతగురువుల) వంశంలో తాత గమలీయేలు, మనవడూ గమలీయేలే.

అపోహ: మొదటి అక్షరం కలిస్తే చాలు, పేరు నిలిపినట్టే.

వాస్తవం: అమెరికా యూదుల్లో ఇది బాగా వాడుక. మోరిస్ తాత గుర్తుగా మైకేల్, శామ్యూల్ గుర్తుగా స్కాట్. తప్పనను. కానీ ఆ ఒక్క అక్షరంలో తాతగారు ఎంత మిగిలారు? పిల్లవాడు పెద్దయ్యాక "నా పేరు ఎవరిది?" అని అడిగితే చెప్పడానికి ఏదైనా ఉండాలి కదా. అక్షరం కంటే అర్థం పట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

దానికంటే ముందు ఆ పెద్దాయన అసలు పేరు ఏమిటో తేల్చుకోవాలి. పాస్‌పోర్టులో ఉన్నది చాలాసార్లు వలస వచ్చిన దేశం కోసం పెట్టుకున్న పేరు. మోరిస్ హీబ్రూలో మోషె కావచ్చు, మొర్దెకై కావచ్చు, మెయీర్ కావచ్చు. రోజ్ అనే నానమ్మ ఇంట్లో రైజెల్ అయి ఉండొచ్చు, రాహేల్ కూడా అయి ఉండొచ్చు. అందుకే నేను మొదట అడిగేది సమాధి రాయి ఫొటో. పైన సాధారణంగా పె, నూన్ అని రెండు అక్షరాలు ఉంటాయి, "ఇక్కడ సమాధి చేశారు" అని. దాని కింద పేరు. మగవారైతే "బెన్", ఆడవారైతే "బత్", ఆ తర్వాత తండ్రి పేరు. చేతులు రెండూ చాపిన బొమ్మ ఉంటే యాజక వంశం, నీళ్ల కూజా ఉంటే లేవీ వంశం. చివర ఐదు అక్షరాలుంటే అవి సమూయేలు మొదటి గ్రంథం 25వ అధ్యాయంలో అబీగయీలు దావీదుతో అన్న మాట నుంచి తీసుకున్నవి: ప్రాణం జీవపు మూటలో కట్టబడుగాక అని. రాయి మీద హీబ్రూ లేకపోతే పెళ్లినాటి కెతుబా (వివాహ ఒప్పంద పత్రం) చూడండి. అదీ దొరక్కపోతే వాళ్ల సినగాగ్‌ని (యూదుల ప్రార్థనా మందిరం) అడగండి, ఏటా వర్ధంతి గుర్తుచేయడానికి పేర్లు రాసిపెట్టుకుంటారు.

అసలు పేరు ఇద్దిష్ (అష్కెనాజీ యూదుల ఇంటి భాష) అని తేలితే దారి ఇంకా సులువు. గోల్డా అంటే బంగారం, హీబ్రూలో జెహావా. ఫేగెల్ అంటే పిట్ట, సిప్పోరా. గిటెల్ అంటే మంచిది, తోవా. మగవాళ్ల పేర్లు చాలావాటికి పాత జంటలే ఉన్నాయి: అర్యే లైబ్ (సింహం), దోవ్ బేర్ (ఎలుగుబంటి), త్స్వీ హిర్ష్ (జింక), జేవ్ వోల్ఫ్ (తోడేలు). ఒకే జంతువు పేరు హీబ్రూలో ఒకసారి, ఇద్దిష్‌లో ఒకసారి. యూదులకు సొంత దేశం కోసం ఉద్యమం నడిపిన థియోడోర్ హెర్జ్ల్ హీబ్రూ పేరు బిన్యామిన్ జేవ్.

అపోహ: మన వైపు తాతయ్య, అమ్మమ్మల పేర్లు హీబ్రూలో కుదరవు.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. ఎంత బాగా కుదురుతాయో చూడండి. అమ్మమ్మ పేరు పద్మ అయితే శోషన్నా. ఈ మాట మూలం తామరపువ్వుకు ఈజిప్షియన్లు వాడిన మాటే అని భాషావేత్తలు చెబుతారు, ఇప్పటి హీబ్రూలో వేరే పూలకు వాడినా సరే. తెలుగు బైబిల్లో సూసన్న ఈ పేరే. ముత్యాలమ్మకు మర్గలిత్ లేదా పెనీనా, బంగారమ్మకు జెహావా, శాంతమ్మకు షులమిత్, జ్యోతికి ఓరా. నరసింహారావు తాతగారికి అర్యే. సూర్యనారాయణ గారికి షిమ్షోన్, అంటే మన సంసోను, సూర్యుడు అనే మాట నుంచి వచ్చిన పేరు. సత్యం గారికి అమితాయ్, యోనా ప్రవక్త తండ్రి పేరు. దత్తుగారికి నతాన్, ఆనందరావు గారికి ససోన్.

దేవుడి పేరు హీబ్రూలోకి మారదు, మార్చబోకండి. పట్టుకోవాల్సింది ఆ పేరులోని వెలుగు, సత్యం, ధైర్యం. ఏదీ కుదరకపోతే మనిషి స్వభావం చూడండి. ఊళ్లో ఎవరికి కష్టం వచ్చినా ముందుండే అమ్మమ్మకు నెహమా, అంటే ఓదార్పు, ఏ నిఘంటువు ఇచ్చిన పేరు కంటే బాగా సరిపోతుంది.

అపోహ: తాత పేరు మనవరాలికి పెట్టలేం.

వాస్తవం: పెట్టొచ్చు. దానియేల్‌కి దానియేలా, యోసేఫ్‌కి యోసెఫా, మెయీర్‌కి మెయీరా. సిమ్‌హా (సంతోషం), యోనా, తాల్, నోఆమ్ లాంటివి ఇద్దరికీ చెల్లుతాయి.

అపోహ: బైబిల్లో ఉంటే అది హీబ్రూ పేరే, మనిషి పేరే.

వాస్తవం: మొర్దెకై పేరులో ఉన్నది బాబిలోను దేవుడు మర్దూకు. ఎస్తేరుకు హీబ్రూ పేరు హదస్సా. అయినా ఈ రెండు పేర్లనూ యూదులు వందల ఏళ్లుగా ప్రేమగా పెట్టుకుంటున్నారు, కాబట్టి మూలం పరాయిదని వదులుకోనక్కర్లేదు. మన క్రైస్తవ ఇళ్లలో బాగా వినిపించే ఎబెనెజరు మాత్రం సమూయేలు నిలిపిన రాయి పేరు, "సహాయపు రాయి". షారోను ఒక మైదానం. యెషయా 62లోని బ్యూలాకు అర్థం "వివాహిత". పెట్టుకోవద్దని కాదు, తెలిసి పెట్టుకోండి. నానమ్మ పేరు బ్యూలా అయితే, అదే వచనంలో పక్కనే ఉన్న హెప్సీబా చూడండి: "ఆమెయందే నా ఆనందం". మనవరాలికి అంతకంటే మంచి పేరు నేను చెప్పలేను.

అపోహ: చిన్న వయసులో పోయినవారి పేరు అరిష్టం.

వాస్తవం: ఆ జంకు చాలామంది యూదుల్లోనూ ఉంది, దాన్ని కొట్టిపారేయను. కానీ దానికి విరుగుడు కూడా వాళ్ల దగ్గరే ఉంది. పోయినవారి పేరుకు ఇంకో పేరు జోడిస్తారు, హాయిమ్ లేదా హయా, అంటే జీవం. హోలోకాస్ట్‌లో చంపబడ్డవారి పేర్లు ఆ తర్వాత పుట్టిన ఎంతోమంది పిల్లలకు పెట్టారు. అరిష్టమని ఊరుకుంటే ఆ పేర్లు పలికే నోరే ఉండేది కాదు. కొడుకునో చెల్లెలినో పోగొట్టుకున్న ఇంట్లో మాత్రం ముందు ఆ తల్లిని అడగండి. రోజూ ఆ పేరు పిలవగలదో లేదో ఆవిడకే తెలుసు.

అపోహ: అక్షరాల విలువలు కూడి మంచి సంఖ్య వస్తేనే పేరు పెట్టాలి.

వాస్తవం: అక్షరాల విలువలు కూడే గెమాత్రియా ఉంది, జీవం అనే అర్థమిచ్చే హీబ్రూ మాట హాయ్‌కి 18 వస్తుందని అందరూ ముచ్చటపడతారు. అయితే పేరు పెట్టడానికి అది నియమం కాదు. న్యూమరాలజీ కోసం స్పెల్లింగ్‌లో అక్షరం ఎక్కువ పెట్టే మన పద్ధతి హీబ్రూకి తీసుకెళ్తే పేరే మారిపోతుంది.

అపోహ: హీబ్రూ పేరు పెడితే బిడ్డ యూదు బిడ్డ అయిపోతుంది.

వాస్తవం: పేరుకు ఆ శక్తి లేదు. ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ శాఖల్లో తల్లి యూదురాలై ఉండాలి, లేదా బిడ్డ మతంలోకి మారాలి. అమెరికాలోని రిఫార్మ్ శాఖ 1983లో తండ్రి యూదుడైనా, బిడ్డను యూదు పద్ధతిలో పెంచితే ఒప్పుకుంటామంది. తల్లి తెలుగమ్మాయి అయిన ఇళ్లలో ఈ తేడా సూటిగా తగులుతుంది, ఎందుకంటే పూర్తి హీబ్రూ పేరులో తల్లిదండ్రుల పేర్లు కూడా వస్తాయి. మగబిడ్డకు ఎనిమిదో రోజు సున్తీ వేడుకలో, ఆడబిడ్డకు ఎక్కువగా సినగాగ్‌లో తోరా చదివేటప్పుడు పేరు ప్రకటిస్తారు. ఆ రోజున ఏ పేర్లు చదవాలో ఆ రబ్బీతో ముందే మాట్లాడి, హీబ్రూ అక్షరాల్లో రాయించి తెచ్చుకోండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి తెలుగులో రాసుకోవద్దు. హన్నా కాస్తా చన్నా అవుతుంది, హాయిమ్ చైమ్ అవుతుంది, ఊళ్లో ఉన్న అమ్మమ్మ అలాగే పిలుస్తుంది.