నమ్మకం గట్టిగా ఉంటే గౌరవం తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

వేర్వేరు మతాల వారిని ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం నా పని. 16 ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను. కింద రాసిన అపోహల్లో సగం మొదట్లో నేనూ నమ్మినవాణ్ణే. మతాభిమానం బాగా ఉన్నవారు వస్తున్నారంటే గుండె గుభేలుమనేది. ఇప్పుడు వాళ్ళు రాకపోతేనే బెంగ. ఏమీ నమ్మనట్టు మర్యాదగా నవ్వుతూ కూర్చునేవారితో మాట ముందుకు సాగదు.

అపోహ: అన్ని మతాలూ ఒకటేనని ఒప్పుకుంటేనే ఎదుటివారిని గౌరవించినట్టు.

వాస్తవం: ఈ మాట మంచి మనసుతోనే అంటారు. కానీ వినేవారి వైపు నుంచి ఆలోచించండి. యేసు దేవుని కుమారుడన్నది క్రైస్తవుడికి ప్రాణం. యేసు ప్రవక్త అనీ, దేవుడికి కుమారుడు లేడనీ అనడం ముస్లింకు అంతే ప్రాణం. జైనానికి సృష్టికర్తతో పనే లేదు. ఇవన్నీ ఒకటే అంటే, మీరు ప్రాణంగా చూసుకునేది మాకు లెక్కలోకి రాదని చెప్పినట్టే. సత్యం ఒక్కటే, విజ్ఞులు దాన్ని పలు పేర్లతో పిలుస్తారని ఋగ్వేదంలో ఉంది కదా అని అడుగుతారు. ఉంది. దాన్ని నమ్మేవారు నిండు మనసుతో నమ్మవచ్చు. అయితే అదీ ఒక విశ్వాసమే. అందరిచేతా సంతకం పెట్టించాల్సిన ఒప్పందపత్రం కాదు.

అపోహ: ఎదుటివారి మతం తప్పని నమ్మేవాడు వారితో సామరస్యంగా ఉండలేడు.

వాస్తవం: దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ రోజర్ విలియమ్స్. తన అభిప్రాయాల వల్ల అమెరికాలోని ఆంగ్లేయుల వలస మసాచుసెట్స్ నుంచి బహిష్కరణకు గురైన ఈ మతబోధకుడు 1636లో ప్రావిడెన్స్‌ను స్థాపించాడు. అక్కడ నమ్మకం కారణంగా ఎవరినీ శిక్షించకూడదన్నది నియమం. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి బోధ పూర్తిగా తప్పని ఆయన గట్టి అభిప్రాయం. 1672లో, డెబ్భైకి దగ్గరపడిన వయసులో, స్వయంగా పడవ నడుపుకుంటూ వెళ్ళి వాళ్ళతో రోజుల తరబడి వాదించాడు. తర్వాత వాళ్ళను ఖండిస్తూ పుస్తకమూ రాశాడు. (ఆ పుస్తకంలోని భాషను నేను వెనకేసుకురాను, చాలా ఘాటుగా ఉంటుంది.) కానీ 1659 - 1661 మధ్య మసాచుసెట్స్ నలుగురు క్వేకర్లను ఉరితీస్తే, ప్రావిడెన్స్ ఉన్న, విలియమ్స్ నిలబెట్టిన రోడ్ ఐలాండ్ వలసలో వాళ్ళు నిర్భయంగా బతికారు. ఆయన నోటి నిండా వాదనే, చేతిలో మాత్రం ఉరితాడు లేదు.

అపోహ: గౌరవం ఉంటే వారి ప్రార్థనలోనూ పాల్గొనాలి.

వాస్తవం: అక్కర్లేదు. 1986 అక్టోబర్ 27న పోప్ రెండవ జాన్ పాల్ పిలుపు మీద పలు మతాల పెద్దలు ఇటలీలోని అస్సీసీలో కలిశారు. అక్కడ కూడా ఎవరి ప్రార్థన వారు వేర్వేరు చోట్ల చేసుకున్నారు. తర్వాత ఒకచోట చేరి, ఒకరు ప్రార్థిస్తుంటే మిగిలినవారు విన్నారు. కలిసి ప్రార్థించడం వేరు, ప్రార్థించడానికి కలవడం వేరు. నా సలహా ఒక్కటే. చేయలేనిది ఉంటే ముందురోజే చెప్పండి. "వస్తాను, చివరిదాకా కూర్చుంటాను, ఫలానా ఘట్టంలో మాత్రం పాల్గొనను" అంటే ఎవరూ నొచ్చుకోరు. మధ్యలో లేచిపోతేనే నొచ్చుకుంటారు.

అపోహ: వేరే మతం వారి ముందు మన నమ్మకం ఊసెత్తకపోవడమే సంస్కారం.

వాస్తవం: ఒకసారి మా సమావేశంలో ఒకావిడ తన తల్లికి జరగబోయే శస్త్రచికిత్స గురించి చెప్పారు. పక్కనున్న పెద్దాయనది వేరే మతం. "నేను ప్రార్థన చేస్తానమ్మా" అన్నారు. ఆవిడ ముఖం బిగుసుకుంది. చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, "అమ్మ కోలుకోవాలని చేయండి బాబాయిగారూ. మేం మారాలని మాత్రం వద్దు" అన్నారు. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి, "నిజం చెప్పాలంటే నా మనసులో రెండూ ఉన్నాయమ్మా. మీరు వద్దన్నారు కాబట్టి మొదటిదే అడుగుతాను" అన్నారు. ముందు ఆవిడే నవ్వారు. ఆ పూట నేను చేసిన పనల్లా నోరు మూసుకుని కూర్చోవడమే.

ఆయన దాచిపెట్టి ఉంటే ఆ నవ్వు వచ్చేది కాదు. మన నమ్మకాన్ని చెప్పడం తప్పు కాదు, మొహమాటంలో పడేసి ఒప్పించడం తప్పు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 18వ అధికరణం మతాన్ని ఆచరించే, బోధించే స్వేచ్ఛ ఇస్తూనే, నచ్చిన మతం ఎంచుకునే స్వేచ్ఛను దెబ్బతీసే బలవంతాన్ని నిషేధించింది. రోజువారీ బతుకులో ఆ గీత ఎక్కడుందని అడిగితే, ఎదుటివారు "వద్దు" అని నష్టపోకుండా అనగలరా లేదా చూడమంటాను. పై అధికారి తన కింద ఉద్యోగిని ప్రార్థనకు రమ్మంటే దాన్ని పిలుపు అనలేం. మంచాన ఉన్న రోగి, మార్కులు ఎదుటివారి చేతిలో ఉన్న విద్యార్థి, సాయం కోసం వచ్చినవాడు కూడా అదే స్థితిలో ఉంటారు.

అపోహ: వాళ్ళ మతం గురించి నాకు బాగానే తెలుసు.

వాస్తవం: ఎవరు చెబితే తెలిసింది? 1985లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో, అమెరికాలో పుట్టిన మార్మన్లు అనే మతశాఖ ఆలయానికి వ్యతిరేకత వచ్చినప్పుడు, అక్కడి లూథరన్ బిషప్ క్రిస్టర్ స్టెండాల్ మూడు సూత్రాలు చెప్పాడు. ఒక మతం గురించి దాని శత్రువులను కాక అనుచరులను అడగాలి. మనలోని ఉత్తములను వాళ్ళలోని అధములతో పోల్చకూడదు. వాళ్ళ దగ్గర ఉండి మన దగ్గర లేనిదాన్ని చూసి ముచ్చటపడే చోటు మనసులో ఉంచుకోవాలి. రెండోదాన్ని అందరూ తప్పుతారు. మన మహాత్ముణ్ణి తెచ్చి వాళ్ళ దుర్మార్గుడి పక్కన నిలబెట్టి, ఎత్తు కొలిచి చూపిస్తారు.

అపోహ: మాట్లాడుకుంటే అన్నీ పరిష్కారమవుతాయి.

వాస్తవం: కావు. వేర్వేరు మతాల భార్యాభర్తలు పిల్లలను ఏ మతంలో పెంచాలన్న దగ్గర ఆగిపోతే నా దగ్గర మంత్రమేమీ లేదు. పెళ్ళికి ముందే ఆ సంగతి మాట్లాడుకోమని చెబుతుంటాను. నా దగ్గరకు చాలామంది బిడ్డ బడికి వెళ్ళే వయసు వచ్చాకే వస్తారు.