కాలవలో దిగేముందు ఒక ఈసీజీ

పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు. నాన్నమ్మా అని పిలిచేవాళ్లకి నాన్నమ్మ ఆశీస్సులు.

దసరా సెలవులకు అందరూ వస్తున్నారని తెలిసి చాలా సంతోషంగా ఉంది. కాలవలు నిండుగా పారుతున్నాయి. సంచులు అరుగు మీద పడేసి దూకడానికి పరిగెడతారని నాకు తెలుసు. ఈసారి మాత్రం ముందు నాతో కాకినాడ రావాలి. ఒక్కొక్కరికీ ఈసీజీ తీయించాలి, కొంచెం రక్తం ఇవ్వాలి. కాలవ సంగతి ఆ తర్వాత. ఎందుకో మీ అమ్మానాన్నలు ఫోన్లో చెప్పే ఉంటారు కానీ, పెద్దవాళ్లు టెన్షన్‌లో చెప్పేది పిల్లలకు సగమే అర్థమవుతుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

జూలైలో మీ అందరిలోకీ చిన్నది స్కూల్లో పరుగుపందెం ప్రాక్టీసు చేస్తూ పడిపోయింది కదా. నిమిషం తిరక్కుండా లేచి కూర్చుంది. పొద్దున్న ఏమీ తినలేదన్నారు కొందరు, ఎండ దెబ్బ అన్నారు కొందరు. దిష్టి తీశారు. చేతులు కొట్టుకున్నాయి కాబట్టి ఫిట్సే అని ఇంకొకరు తేల్చేశారు. మెదడుకి రక్తం అందకపోతే ఎవరికైనా చేతులు కాళ్లు కొట్టుకుంటాయి. గుండె జబ్బు ఉన్న పిల్లలు ఏళ్ల తరబడి ఫిట్స్ మాత్రలు మింగడం ఇందువల్లే జరుగుతుంది.

గుండె డాక్టరుగారు మిషన్ జోలికి వెళ్లకముందు చాలాసేపు ప్రశ్నలే వేశారు. పడిపోయేటప్పుడు ఏం చేస్తోంది? ముందు కళ్లు మసకబారాయా, కడుపులో తిప్పిందా, లేక ఉన్నట్టుండి పడిపోయిందా? ఎంతసేపటికి తేరుకుంది? మీ ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయారా? చివరి ప్రశ్నకు అందరూ లేదన్నారు. నేను ఉందన్నాను.

మా తమ్ముడి గురించి మీకెవరూ చెప్పి ఉండరు. పదహారో ఏట కాలవలో పోయాడు. వాడికి ఈత రాక కాదు, ఊళ్లో వాడి జోడు లేడు. అటు ఒడ్డు నుంచి ఇటు వస్తూ మధ్యలో చెయ్యి ఆపేశాడని చూసినవాళ్లు చెప్పారు. గంగమ్మ తీసుకుపోయిందని అమ్మ ఏడ్చింది. తర్వాత ఆ మాట ఇంట్లో ఎత్తేవాళ్లే లేరు. డాక్టరుగారు మాత్రం కలం ఆపి, ‘ఈత కొడుతూనా?’ అని రెండుసార్లు అడిగి రాసుకున్నారు. వాడిది ఇదే జబ్బని ఇప్పుడెవరూ రుజువు చెయ్యలేరు. అయినా ఆ ఒక్క ముక్కతో ఆయన ఎటు వెతకాలో అటు వెతికారు.

చిన్నదాని జబ్బు పేరు లాంగ్ క్యూటీ సిండ్రోమ్. సుమారు రెండు వేలమందిలో ఒకరికి ఉంటుంది. మీరు కాలవ మీది లొల్ల లాకులు చూశారుగా. తలుపు ఎత్తాల్సిన వేళకు ఎత్తితేనే నీళ్లు దిగి పడవ ముందుకు కదులుతుంది. గుండె కణాల గోడల్లోనూ అలాంటి తలుపులే ఉంటాయి. ప్రతి కొట్టుకోవడం తర్వాత పొటాషియం వాటి గుండా బయటకు పోతేనే కణం తర్వాతి దానికి సిద్ధమవుతుంది. మన చిన్నదానిలో ఆ తలుపు సరిగా పనిచెయ్యదు. మామూలప్పుడు ఇబ్బంది లేదు. పరిగెత్తేటప్పుడు, ఈదేటప్పుడు గుండె వేగం పెరుగుతుంది, కణం మాత్రం ఇంకా సిద్ధం కాదు. అప్పుడు లయ తప్పి గుండె వణుకుతుంది, రక్తం తోయదు. చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది, పిల్ల లేచి కూర్చుంటుంది. సర్దుకోకపోతే ప్రాణం పోతుంది.

ఇక ఈసీజీ కాగితం. మీకు లెక్కలంటే ఇష్టం కాబట్టి ఇది నిదానంగా చెబుతాను. గులాబీరంగు గళ్ల కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. ఒక్క చిన్న గడి అంటే 0.04 సెకను. క్యూ అనే చిన్న పల్లం మొదలయ్యే చోటు నుంచి టీ అనే గుండ్రటి గుట్ట ముగిసే చోటు దాకా ఎన్ని గళ్లో లెక్కపెట్టాలి. ఆ దూరమే క్యూటీ. చిన్నదాని కాగితంలో 11 గళ్లు, అంటే 0.44 సెకను. గుండె వేగాన్నిబట్టి ఇది మారుతుంది కాబట్టి సరిదిద్దాలి. 1920లో బాజెట్ అనే ఇంగ్లండ్ డాక్టరు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుతున్నారు. ఒక కొట్టుకోవడానికీ ఇంకోదానికీ మధ్య ఎన్ని సెకన్లో చూసి, దాని వర్గమూలంతో భాగించడమే. ఆమెకు ఆ ఎడం 20 గళ్లు, అంటే 0.8 సెకను. క్యాలిక్యులేటర్ తీసి చూడండి, 0.49 వస్తుంది, అంటే 490 మిల్లీసెకన్లు. మామూలుగా మగవాళ్లకు 450, ఆడవాళ్లకు 460 లోపు ఉండాలి. మళ్లీ మళ్లీ తీసినా 480 దాటుతుంటే జబ్బు ఉన్నట్టే చూస్తారు. 500 దాటితే ప్రమాదం ఇంకా ఎక్కువ. మిషన్ పైన అచ్చు వేసిన అంకెను నమ్మకుండా డాక్టరుగారు తనే స్కేలు పెట్టి కొలిచారు. టీ ఎక్కడ ముగిసిందో మిషన్లు తరచూ పొరపడతాయట.

తర్వాత నాకూ తీశారు. 470 వచ్చింది! నా జన్మలో ఒక్కసారి కళ్లు తిరిగి పడింది లేదు. చేలగట్ల మీద పరిగెత్తాను, ముగ్గురు పిల్లల్ని కన్నాను. చిన్నదాని రక్తం పరీక్షకు పంపితే కేసీఎన్‌క్యూ1 అనే జన్యువులో తేడా ఉందని తేలింది. అదే తేడా నాలోనూ ఉంది. ఇది ఉన్నవాళ్ల పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం. ఆడా మగా భేదం లేదు. మా ఇంటి నుంచి నాకు, నా నుంచి నా పిల్లల్లో కొందరికి, వాళ్ల నుంచి మీలో కొందరికి వచ్చి ఉండొచ్చు.

రక్తం కూడా ఎందుకంటారా? ఈ జన్యువు తేడా ఉన్నవాళ్లలో నలుగురిలో ఒకరికి ఈసీజీ బాగానే కనిపిస్తుంది. ఈసీజీ చూసేది ఆ పది సెకన్లే. మీ విషయంలో సులువు, ఆ ఒక్క తేడా ఉందో లేదో చూస్తే చాలు. లేదంటే మీకూ మీ పిల్లలకూ ఆ బెంగ తీరిపోయినట్టే. ఉందంటే రోజూ గుండె వేగాన్ని అదుపులో ఉంచే ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్ర వేసుకోవాలి, ఒక్కపూట కూడా మానకూడదు. మన రకం జబ్బుకు ఆ మాత్ర బాగా పనిచేస్తుంది. మన చిన్నది ఇప్పుడు స్కూలుకు వెళ్తోంది, ఎప్పటిలాగే అల్లరి చేస్తోంది.

లాంగ్ క్యూటీలోనే ఇంకొన్ని రకాలున్నాయి. ఒక రకంలో నిద్రలో అలారం మోగినా, పక్కన దీపావళి బాంబు పేలినా లయ తప్పుతుంది. ఇంకోదానిలో నిద్రలోనే ముప్పు. సీపీవీటీ అని మరో జబ్బుంది, అందులో పడుకోబెట్టి తీసిన ఈసీజీ శుభ్రంగా ఉంటుంది, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తేనే బయటపడుతుంది. 1992లో బ్రుగాడా సోదరులనే డాక్టర్లు వివరించిన గుండె జబ్బు జ్వరంలో బయటపడుతుంది. అందుకే ఏ పని చేస్తుండగా పడిపోయారన్నది అంత ముఖ్యం. బడిలో ప్రార్థనప్పుడు ఎండలో నిలబడి, కళ్లు మసకబారి, చెమటలు పట్టి పడిపోవడం వేరు, దానికి సాధారణంగా భయం లేదు. పరిగెడుతూ, ఈదుతూ, ఉలిక్కిపడి ఉన్నపళంగా పడిపోతే మాత్రం, ఎంత తొందరగా లేచినా సరే, ఇంట్లో చెప్పి తీరాలి.

మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఇదీ చెప్పాలి. పుట్టుకతో చెవుడు ఉండి, మధ్యమధ్య పడిపోయే పిల్లల గురించి 1957లో నార్వే డాక్టర్లు ఇద్దరు రాశారు. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే వచ్చే లాంగ్ క్యూటీ. మీ క్లాసులో వినపడని పిల్లలెవరైనా ఇలా పడిపోతుంటే వాళ్ల అమ్మకి ఈసీజీ మాట చెప్పండి.

ఈ సంగతి బయటికి పొక్కితే ఆడపిల్లల సంబంధాలు తప్పిపోతాయని చుట్టాల్లో ఒకరు నాతో అన్నారు. మా తమ్ముడి మాట అన్నేళ్లు ఎవరూ ఎత్తకపోవడం వల్ల మనకు ఒరిగిందేమిటని అడిగాను. మీకు జబ్బు ఉందని తేలితే స్నేహితులకు చెప్పండి, పీఈటీ మాస్టారుకు చెప్పండి. మీరు పడిపోయి ఊపిరి సరిగా తీసుకోకపోతే 108కి ఫోన్ చేసి, రొమ్ము నడిమధ్య గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం వాళ్లకు తెలియాలి.

ఫలితం వచ్చేదాకా మందుల షాపుకెళ్లి ఎవరూ సొంతంగా మందులు కొనకండి. అజిత్రోమైసిన్, వాంతులకు వాడే ఆన్‌డాన్‌సెట్రాన్, డోంపెరిడోన్ లాంటివి ఈ క్యూటీని ఇంకా సాగదీస్తాయి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు ఈ విషయం చెప్పండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో పొటాషియం తగ్గుతుంది, ఆలస్యం చెయ్యకుండా చూపించుకోవాలి.

వచ్చేటప్పుడు ఇదివరకు తీయించిన ఈసీజీలు ఏవైనా ఉంటే తీసుకురండి. ఆ కాగితం కొన్నేళ్లకు వెలిసిపోతుంది, ఈలోగా జెరాక్స్ తీయించి ఉంచండి. ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయి ఉంటే అది ఎక్కడ, ఏం చేస్తుండగానో ఒక కాగితం మీద రాసుకురండి. ఇంట్లో చెప్పకుండా దాచింది ఉంటే అదీ రాయండి, ఎవరూ కోప్పడరు. మీ అమ్మానాన్నల్లో నా పిల్లలు ఎవరో వాళ్లూ కాకినాడ రావాలి, ఆఫీసుకు సెలవు దొరకలేదంటే ఊరుకోను.

ఇట్లు,
మీ అమ్మమ్మ / నాన్నమ్మ