శరణార్థి పిల్లల దుఃఖం: అపోహలు - వాస్తవాలు

ప్రపంచ జనాభాలో పిల్లలు దాదాపు 30 శాతం. యుద్ధాలు, హింస వల్ల ఇల్లు వదిలి పారిపోయినవాళ్లలో మాత్రం దాదాపు 40 శాతం పిల్లలేనని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ అంచనా. అలాంటి పిల్లలకు కౌన్సెలింగ్ చేసే నాకు రోజూ వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఆడుకుంటున్నాడంటే మర్చిపోయినట్టే.

వాస్తవం: పిల్లలు ఏకబిగిన దుఃఖపడలేరు. కాసేపు ఏడుస్తారు, వెంటనే బంతి వెనక పరిగెడతారు, పడుకునే వేళకి మళ్లీ బెంగ పెట్టుకుంటారు. ఒక్కోసారి దుఃఖం ఆటలోనే బయటపడుతుంది. బొమ్మను పాతిపెడతారు, ఇల్లు కట్టి కూల్చేస్తారు. చూసేవాళ్లకి కంగారుగానే ఉంటుంది, కానీ ఆపకండి. అదే ఆట ఏ మార్పూ లేకుండా వారాల తరబడి సాగుతూ, ఆడాక పిల్లవాడు ఇంకా బిగుసుకుపోతుంటే అప్పుడు నిపుణులకు చూపించండి.

అపోహ: పసివాళ్లు, వాళ్లకేం తెలుస్తుంది?

వాస్తవం: చనిపోయినవాళ్లు తిరిగి రారన్న సంగతి సాధారణంగా 5 నుంచి 7 ఏళ్ల మధ్య అర్థమవుతుంది. అంతకన్నా చిన్నవాళ్లకు చావు తెలియకపోయినా మనిషి లేని లోటు తెలుస్తుంది. ఎప్పుడో మానేసినా మళ్లీ పక్క తడపడం, ఊరికే కడుపునొప్పి అనడం, అమ్మ కొంగు వదలకపోవడం అందుకే. దాన్ని మొండితనం అనుకుని కొట్టొద్దు.

అపోహ: "నాన్న పని మీద వెళ్లాడు, వస్తాడు" అంటే పిల్లలు కుదుటపడతారు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. నిజం ఎలాగూ పక్కింటి పిల్లల నోట వింటారు. ఆ తర్వాత మనం చెప్పేది ఏదీ నమ్మరు. "నిద్రపోయాడు" అన్నారా, నిద్రంటేనే భయపడే పిల్లలుంటారు. దగ్గరి మనిషి పక్కన కూర్చుని, చిన్న మాటల్లో, "చనిపోయాడు" అనే చెప్పాలి. తాము మారాం చేసినందుకే ఇలా జరిగిందని లోలోపల అనుకునే పిల్లలు చాలామంది. అందుకే అడగకపోయినా "ఇందులో నీ తప్పేం లేదు" అని చెప్పండి, ఒకసారి కాదు, చాలాసార్లు.

మరి జాడే తెలియకపోతే? పోయారని ఏడవలేరు, ఉన్నారని ఊరట పడలేరు. అమెరికన్ పరిశోధకురాలు పాలిన్ బాస్ 1970ల నుంచి అధ్యయనం చేసింది ఇలాంటి ఎటూ తేలని నష్టాన్నే. "ఇక లేడనుకో" అని తొందరపెట్టకండి. "మాకూ తెలియదు, వెతికిస్తున్నాం, తెలిసిన రోజే నీకు చెబుతాం" అనండి. అని ఊరుకోకుండా, విడిపోయిన కుటుంబాలను వెతికే రెడ్‌క్రాస్ విభాగంలో నిజంగా పేరు నమోదు చేయించండి.

అపోహ: జరిగిందంతా చెప్పిస్తే మనసు తేలికవుతుంది.

వాస్తవం: ఘటన జరిగిన కొత్తలో ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. కథను మెల్లగా చెప్పించే చికిత్సలు లేకపోలేదు, కానీ అవి శిక్షణ పొందినవాళ్ల పని. శిబిరం చూడటానికి వచ్చిన ప్రతివారికీ పిల్లలు ఆ కథ అప్పజెప్పక్కర్లేదు.

అపోహ: ప్రతి బిడ్డకీ థెరపీ కావాలి.

వాస్తవం: చాలామందికి ముందు కావాల్సింది బడి, వేళకు తిండి, సొంత భాషలో మాట్లాడే మనిషి, కాస్త కుదురుగా ఉన్న అమ్మో నాన్నో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లండన్‌లో పిల్లల కేంద్రాలు నడిపిన అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ గమనించింది కూడా ఇదే: బాంబుల కన్నా తల్లికి దూరమవడమే చాలామంది పిల్లల్ని ఎక్కువ కుదిపేసింది. కాబట్టి పెద్దవాళ్ల టెన్షన్ తగ్గించడమూ పిల్లల వైద్యంలో భాగమే.

అపోహ: కాలమే అన్నీ మాన్పుతుంది.

వాస్తవం: అందరికీ కాదు. 2022లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత కూడా ఉంది. ఆరు నెలలు దాటినా దుఃఖం తీవ్రంగా ఉండి, తిండి, చదువు, స్నేహాలు సాగనివ్వకపోతే చికిత్స అవసరం. చచ్చిపోవాలనుందని పిల్లలు అంటే మాత్రం నెలలు లెక్కపెట్టొద్దు. ఆ రోజే నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి, అప్పటిదాకా ఒంటరిగా వదలకండి.