రెండో ఆయన ఎవరు తాతయ్యా?

చిట్టితల్లీ, నానీ, ఇద్దరికీ తాతయ్య ముద్దులు.

ఏప్రిల్ 15న వీడియో కాల్‌లో చిట్టి నాకు టీవీలో బేస్‌బాల్ మ్యాచ్ చూపించి "ఇవాళ ప్లేయర్లందరూ 42 నంబరే వేసుకున్నారేంటి తాతయ్యా" అంది కదా. అది జాకీ రాబిన్సన్ నంబరమ్మా, ఏళ్ళ తరబడి నల్లజాతి వాళ్ళని రానివ్వని పెద్ద లీగుల్లోకి 1947లో అదే రోజున దిగాడాయన అని నేను చెప్తుంటే నాని మధ్యలో దూరి "మరి రెండో ఆయన ఎవరు?" అన్నాడు. ఆ ప్రశ్న ఇన్ని రోజులూ నన్ను వదల్లేదురా నానీ, ఇంట్లో నేనూ రెండోవాణ్ణే.

ఆయన లారీ డోబీ. జాకీ వచ్చిన పదకొండు వారాలకి, జులై 5న, షికాగోలో క్లీవ్‌లాండ్ తరఫున దిగాడు. 23 ఏళ్ళు.

మా చిన్నప్పుడు హైస్కూలుకి కాలవ గట్టు దిగి తుమ్మతోపులోంచి వెళ్ళేవాళ్ళం, దారీ డొంకా లేదు. అన్నయ్య ముందు, నేను వెనక. వాడు కొమ్మని చేత్తో పక్కకి తోసుకుని వెళ్ళిపోయేవాడు, అది వెనక్కొచ్చి సరిగ్గా నా మొహాన కొట్టేది. ఒకసారి కనుబొమ్మ చీరుకుపోయింది, ఆ గీత ఇప్పటికీ ఉంది, చిట్టి వేలితో రాసి అడుగుతుందే అదే. సాయంత్రం అమ్మ పిన్నీసుతో వాడి కాళ్ళల్లో ముళ్ళు తీస్తుంటే అందరూ "పెద్దాడు భలే దారి తీశాడు" అనేవాళ్ళు, నేను పక్కన కూర్చుని నా ముళ్ళు నేనే తీసుకునేవాణ్ణి. అన్నయ్య గొప్పే, కాదనను. కానీ రెండోవాడికి ముళ్ళు తక్కువని ఎవరు చెప్పారు?

పైగా పెద్ద లీగులు రెండు: జాకీది నేషనల్ లీగ్, డోబీది అమెరికన్ లీగ్. ఎదురుపడే టీములే వేరు. అంటే అది ఇంకో తుమ్మతోపు, అందులో ఈయనే ముందు నడవాలి. జాకీని ముందు ఒక ఏడాది మాంట్రియల్‌లో చిన్న లీగులో ఆడించారు. డోబీ జులై 4న న్యూఆర్క్ ఈగిల్స్ అనే నల్లజాతి వాళ్ళ టీముకి ఆడి, రాత్రి రైలెక్కి, మర్నాడు క్లీవ్‌లాండ్ డ్రెస్ వేసుకున్నాడు, చెప్పులు తొడుక్కునే టైము కూడా ఇవ్వకుండా తోపులోకి తోసినట్టు.

మేనేజర్ లూ బౌడ్రో ఒక్కొక్కరి దగ్గరికీ తీసుకెళ్ళి పరిచయం చేస్తే కొందరు చెయ్యి కలపలేదు. తర్వాత గ్రౌండులో అందరూ జంటలు జంటలుగా బంతి విసురుకుంటుంటే ఈయన గ్లవ్ పెట్టుకుని ఒక్కడే నిలబడ్డాడు, నిమిషాల తరబడి. ఎంతసేపటికో జో గోర్డన్ అనే ఆయన పిలిచి బంతి విసిరాడు. నాకు ఇందులో ఆయన తర్వాత కొట్టిన హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కన్నా ఆ బంతే పెద్దది. మీ ప్రాక్టీసులో కూడా ఎవరన్నా అలా ఒక్కళ్ళే నిలబడితే, కోచ్ చెప్పేదాకా ఆగకుండా మీరే వెయ్యండి.

మొదటి ఏడాది సరిగ్గా ఆడలేదు, 29 మ్యాచుల్లో బ్యాటింగ్ యావరేజ్ .156, అంటే వందసార్లకి పదహారు హిట్లు కూడా లేవు. టీమంతా ఒక హోటల్లో ఉంటే ఈయన్ని చాలా ఊళ్ళల్లో అక్కడ దిగనిచ్చేవాళ్ళు కాదు, వేరే చోటు వెతుక్కోవాలి. మరుసటి ఏడాది .301 కొట్టాడు చూడండి! 1948 వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతలు తలపడే ఫైనల్) నాలుగో మ్యాచ్, 81 వేల మందికి పైగా జనం, ఈయన హోమ్ రన్ కొట్టాడు, క్లీవ్‌లాండ్ 2-1తో గెలిచింది. ఆ రోజు క్లీవ్‌లాండ్ పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, స్టీవ్ గ్రోమెక్, తెల్లాయన. మ్యాచ్ అయ్యాక ఇద్దరూ చెంపకి చెంప ఆనించి కావిలించుకుని నవ్వుతున్న ఫోటో ఉంది. ఏడాది కిందట చెయ్యి కలపని టీమే ఇది. మనుషులు అంత తొందరగా ఎలా మారతారో నేను మీకు విడమర్చి చెప్పలేను, ఆ ఫోటో చూస్తూ ఉండిపోతానంతే.

జాకీని గొప్ప ఆటగాళ్ళకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 1962లో తీసుకున్నారు, డోబీని 1998లో. 36 ఏళ్ళు లేటు.

ఇప్పుడు మీకో పని. డోబీ పెరిగింది మీ న్యూజెర్సీలోనే, ప్యాటర్సన్‌లో. ఆదివారం నాన్నని అడిగి వెళ్ళండి. ఈస్ట్‌సైడ్ పార్కులో ఆయన విగ్రహం ఉంటుంది. అక్కడినుంచి జలపాతం దగ్గరికి వెళ్తే పక్కనే హించ్‌లిఫ్ స్టేడియం, స్కూల్లో ఉన్నప్పుడు ఆయన ఆడింది అక్కడే. చాలా ఏళ్ళు పాడుబడి ఉండి 2023లో మళ్ళీ తెరిచారు. గ్లవ్‌లు పట్టుకెళ్ళండి. విగ్రహం పక్కన నిలబడి ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు నాలుగు బంతులు విసురుకుని, అక్కణ్ణించే నాకు ఫోన్ చెయ్యండి. ఇక్కడ రాత్రయినా పర్లేదు, మేలుకునే ఉంటాను.

మీ తాతయ్య