లేడీస్ సీటు నుంచి జీరో టికెట్ దాకా

ఎలక్ట్రిక్ వాహనాలను ప్రోత్సహించే పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయిస్తున్నట్టు 2025లో కేంద్రం చెప్పింది. బ్యాటరీలు, ఛార్జింగ్ పాయింట్లు, కిలోమీటరుకు ఎంత ఖర్చు అన్న లెక్కలు పేపర్లలో బాగానే వచ్చాయి. ఆ బస్సు ఎక్కేదెవరన్న మాట మాత్రం పెద్దగా కనిపించలేదు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఇప్పుడు తెలంగాణలో ఏ పల్లెవెలుగులోకి, ఏ సిటీ ఆర్డినరీలోకి తొంగి చూసినా ముందు కనిపించేది ఆడవాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2025 ఆగస్టు 15 నుంచి అదే పరిస్థితి. పొగలేని బస్సు ఎవరి కోసం అనే ప్రశ్నకు జవాబు కావాలంటే ఈ ప్రయాణికురాలు ఇక్కడిదాకా ఎలా వచ్చిందో కాస్త వెనక్కి వెళ్లి చూడాలి.

మన దేశంలో రవాణా చట్టం ఆడవాళ్లను గుర్తుపెట్టుకోవడం చాలా పాత సంగతే. 1890 నాటి రైల్వే చట్టం ప్రతి ప్యాసింజర్ రైల్లో అన్నిటికంటే కింది తరగతిలో కనీసం ఒక కంపార్ట్‌మెంటు ఆడవాళ్లకే ఉంచాలంది. రైలు 50 మైళ్లు దాటి వెళ్లేదైతే ఆ కంపార్ట్‌మెంట్లో మరుగుదొడ్డి కూడా ఉండాలంది. తెల్లదొరల ఉద్దేశం సమానత్వం కాదు, పరదా పద్ధతికి భంగం రాకూడదన్నదే. అయినా ఆడమనిషి ప్రయాణం చేస్తే ఆమెకు శరీరం కూడా ఉంటుందని ఆ చట్టానికి తట్టింది. మన ఆర్టీసీల్లో మహిళా కండక్టర్లు ఎప్పటి నుంచో ఉన్నారు. చివరి స్టాపులో బాత్రూమ్ లేక, డ్యూటీ దిగేదాకా మంచినీళ్లు తాగకుండా గడిపేవాళ్లు వాళ్లలో ఇప్పటికీ ఉన్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆడవాళ్ల అవసరం అంటే విడిగా కూర్చోబెట్టడమే అనుకున్నారు. 1932లో నిజాం రాజ్యంలో 27 బస్సులతో మొదలైన సర్వీసే తర్వాత ఆర్టీసీ అయింది. బస్సుల్లో లేడీస్ సీట్లు వచ్చాయి, వాటి పైన ‘స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయం’ అన్న బోర్డు వచ్చింది. డబ్బిచ్చి టికెట్ కొన్న మనిషికి సీటు దొరకడం సంప్రదాయం దయ ఎలా అవుతుందో నాకు ఏనాడూ అర్థం కాలేదు. బొంబాయిలో 1992లో చర్చిగేట్ నుంచి బోరివలికి ఆడవాళ్లకే ఒక లోకల్ రైలు వేశారు. ఢిల్లీ మెట్రోలో 2010లో మొదటి పెట్టె ఆడవాళ్లదైంది. 2012 డిసెంబరులో ఢిల్లీలో కదులుతున్న బస్సులో జరిగిన ఘోరం తర్వాత మాట భద్రత మీదికి మళ్లింది. నిర్భయ నిధి, సీసీ కెమెరాలు, పానిక్ బటన్లు, ఇక్కడ షీ టీమ్స్ వచ్చాయి. హైదరాబాద్ సిటీ బస్సుల్లో ఆడవాళ్ల భాగానికి, వెనక మగవాళ్ల భాగానికి మధ్య గ్రిల్ తలుపులు పెట్టారు. అవన్నీ కావలసినవే. అయితే బస్సు ఎక్కాక ఏం జరగకూడదో చూశారు గానీ, అసలు ఎక్కగలుగుతోందా అని చూసినవాళ్లు తక్కువ.

చూసినవాళ్లు ఒకచోట ఉన్నారు, అదీ బస్సులతో కాదు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడుస్తుండగా కలెక్టర్ షీలారాణి చుంకత్ ఆడవాళ్లకు సైకిల్ నేర్పడాన్ని అందులో భాగం చేశారు. చదువు చెప్పే కార్యకర్తలు, వ్యవసాయ కూలీలు, క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. ఆడవాళ్ల సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. ముందున్న అడ్డకమ్మీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు గనక అదే నయమన్నవాళ్లూ ఉన్నారు. బస్సు కోసం, మగవాడి కోసం ఎదురుచూడకుండా పని చక్కబెట్టుకుని రావడం వాళ్లకు కొత్త. అదే కాలంలో మన నెల్లూరు జిల్లాలో అదే అక్షరాస్యతా ఉద్యమం దూబగుంట దగ్గర సారా వ్యతిరేక పోరాటంగా మారింది. ఆ కథ మనకు బాగా తెలుసు. పక్క రాష్ట్రంలో సైకిల్ కథ అంతగా తెలియదు.

2006లో బీహార్ తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బులిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, హైస్కూల్లో ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయని తేలింది. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఫలితం ఎక్కువ. ‘బడికొస్తా’ పేరుతో ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. పర్యావరణానికి మేలు చేసే రవాణా అంటే ఇంతకంటే ఏం కావాలి? కానీ సైకిల్‌ను ఎవరూ ఆ ఖాతాలో రాయరు. అది విద్యాశాఖ పద్దు.

రవాణా శాఖ పద్దులో ఉండేది వేరే లెక్క. రోడ్లైనా మెట్రో లైన్లైనా పొద్దున ఇంటి నుంచి ఆఫీసుకు, సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి అన్న ప్రయాణాన్ని దృష్టిలో పెట్టుకునే గీస్తారు. ఉచిత ప్రయాణం రాకముందు, నాలుగిళ్లలో పని చేసుకునే ఒకామె రోజును తీసుకోండి. పొద్దున్నే బస్సెక్కి మూడు స్టాపులు దాటి దిగుతుంది. రెండిళ్లు ముగించి మరో బస్సులో ఇంకో కాలనీకి వెళ్తుంది. మధ్యాహ్నం పిల్లాణ్ణి బడి నుంచి తీసుకోవాలి, దార్లో రైతుబజార్లో కూరగాయలు కొనాలి. చిన్న చిన్న దూరాలే గానీ ఎక్కిన ప్రతిసారీ కొత్త టికెట్టే. ఒకే దూరాన్ని ఒకే బస్సులో వెళ్లే మగవాడికంటే ముక్కలు ముక్కలుగా వెళ్లే ఆమెకు ఖర్చు ఎక్కువ. అందుకే ఆమె నడుస్తుంది. నడకను ఎవరూ లెక్కపెట్టరు గనక ఆమె లెక్కలోకి రాదు. స్పెయిన్ పరిశోధకురాలు ఇనెస్ సాంచెజ్ దె మదరియాగా ఇంటివాళ్ల బాగోగుల కోసం చేసే ఇలాంటి ప్రయాణాలన్నిటినీ ఒక ఖాతాగా లెక్కించాలని వాదించారు. వియన్నా నగరం 1990ల నుంచే ఆ దారిలో వెళ్లి పేవ్‌మెంట్లు వెడల్పు చేసింది, వీధి దీపాలు పెంచింది.

మన దగ్గర ఈ సంగతి కాస్త పట్టుకున్నది టీ-6 టికెట్. 2023 మార్చిలో తెచ్చారు. హైదరాబాద్‌లో పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా, ఆడవాళ్లు, సీనియర్ సిటిజన్లు 50 రూపాయలకు ఎన్నిసార్లైనా ఎక్కి దిగే వీలుండేది. ఆఫీసు రద్దీ లేని వేళ ప్రయాణం చేసేదెవరో ఆర్టీసీలో ఎవరికో తెలిసిందన్నమాట. కొన్ని నెలలకే దాన్ని మింగేసే పథకం వచ్చింది.

ఉచిత ప్రయాణం మన దగ్గర పుట్టిన ఆలోచన కాదు. ఢిల్లీ 2019 అక్టోబరు 29న బస్సుల్లో గులాబీ టికెట్ మొదలుపెట్టింది. మెట్రోలోనూ ఇస్తామంటే ‘మెట్రో మ్యాన్’ శ్రీధరన్ వద్దంటూ ప్రధానికి లేఖ రాశారు, అది అక్కడే ఆగింది. తమిళనాడు 2021 మేలో సాధారణ బస్సుల్లో టికెట్ తీసేసింది. దీనివల్ల ఒక్కో మహిళకు నెలకు సగటున 888 రూపాయలు మిగులుతున్నాయని అక్కడి ప్రణాళికా సంఘం అధ్యయనం చెప్పింది. కర్ణాటకలో ‘శక్తి’ 2023 జూన్‌లో, తెలంగాణలో ‘మహాలక్ష్మి’ అదే ఏడాది డిసెంబరు 9న వచ్చాయి. తెలంగాణలో ట్రాన్స్‌జెండర్లకు కూడా వర్తింపజేశారు. 2025 జులై నాటికి తెలంగాణలో 200 కోట్ల ఉచిత ప్రయాణాలు పూర్తయ్యాయని, వాటి విలువ 6,680 కోట్ల రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది.

ఇందులో డబ్బు సంగతి ఒకటైతే, కండక్టర్ మిషన్ కొట్టే ఆ సున్నా రూపాయల కాగితం ఇంకొకటి. అంతకుముందు టికెట్టుకు ఆడా మగా తేడా లేదు. ఎక్కింది ఆడో మగో రికార్డులో ఉండేది కాదు. ఇప్పుడు ఆమె ప్రతి ముక్క ప్రయాణం మిషన్లోకి ఎక్కుతోంది. ఉచితమా కాదా అని కొట్టుకునేవాళ్లెవరూ దీని మాట ఎత్తరు గానీ, నా దృష్టిలో అసలు కొత్తదనం ఇదే. ఆ వివరాలతో రూట్లు మారిస్తేనే ప్రయోజనం.

గొడవలు లేకపోలేదు. గిరాకీ పడిపోయి ఆటోవాళ్లు రోడ్డెక్కారు. వాళ్ల కష్టం నిజమైనదే, దానికి బస్సెక్కిన ఆడవాళ్లను తిట్టడం పరిష్కారం కాదు. సీట్ల కోసం కొట్లాటల వీడియోలు చాలా తిరిగాయి. బస్సులో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీసుకుంటున్న ఆడవాళ్ల వీడియో 2024లో వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టొచ్చింది, ఊరికే వస్తే ఇలాగే ఉంటుందన్న వెక్కిరింతలతో. బస్సులో గంటసేపు కూర్చున్నా వంటింటి పని వెంటే వచ్చిందని వెక్కిరించినవాళ్లకు తట్టలేదు.

స్టీరింగ్ దగ్గర కథ ఇంకా నెమ్మది. కన్యాకుమారి జిల్లా వసంతకుమారి 1993లోనే తమిళనాడు ప్రభుత్వ బస్సు నడిపారు. తెలంగాణలోని సంస్థాన్ నారాయణపురం మండలం తండా నుంచి వెళ్లిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థకు మొదటి మహిళా డ్రైవరయ్యారు. ఆమె సొంత రాష్ట్రం ఆర్టీసీలో మొదటి మహిళా డ్రైవర్‌గా బస్సు ఎక్కడానికి మరో పదేళ్లు, 2025 జూన్ దాకా పట్టింది. ఢిల్లీలో డ్రైవర్‌కు 159 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలన్న నిబంధనను ఆడవాళ్ల కోసం 2022లో 153కు తగ్గించారు. అప్పటిదాకా ఆడవాళ్లు రావట్లేదనే అన్నారు. మరోవైపు తెలంగాణలో మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిచ్చే పథకం 2025 మార్చి 8న మొదలైంది.

ఇక ఎలక్ట్రిక్ బస్సు. హైదరాబాద్‌లో మొదటి 40 ఎలక్ట్రిక్ బస్సులు 2019 మార్చిలో వస్తే ఎయిర్‌పోర్టు రూట్లో వేశారు. ఇప్పుడు రాబోయేవి ఆర్డినరీ రూట్లకు వస్తాయా, జీరో టికెట్ చెల్లని ఏసీ సర్వీసులవుతాయా అన్నది మొదటి సంగతి. రెండోది మెట్టు. కేంద్రం బస్సుల ప్రమాణాల్లో ఫ్లోర్ ఎత్తు 400, 650, 900 మిల్లీమీటర్లని మూడు రకాలున్నాయి. చంకలో బిడ్డ, చేతిలో సంచి, కాళ్లకు అడ్డం పడే చీర కుచ్చిళ్లు ఉన్న మనిషికి 400కి, 900కి మధ్య చాలా తేడా ఉంది. ఎత్తు తగ్గే కొద్దీ ధర పెరుగుతుంది కాబట్టి టెండర్లో మొదట కోత పడేది అక్కడే. మూడోది కాంట్రాక్టు. ఈ బస్సుల్లో చాలావాటికి కంపెనీకి కిలోమీటరు లెక్కన డబ్బులిస్తారు, ఎంతమంది ఎక్కారన్నదానితో సంబంధం లేదు. స్టాపులో ఆడవాళ్లను చూసి డ్రైవర్ ఆపకుండా పోతున్నాడన్న ఫిర్యాదు ఇప్పటికే పాతబడింది. ఆపకపోతే కోత విధించే షరతు ఒప్పందంలో ఉందా, ఉంటే ఆపలేదని తేల్చేదెవరు అన్నది టెండర్ కాగితాల్లో వెతకాల్సిన విషయం.